తంపరలో పుట్టిన తిండి చెట్టు మీది గూటిదాకా

(టెక్కలిలో ఇంటర్ పిల్లలు, రైతులు, మత్స్యకారులు కూర్చున్న ఒక సాయంత్రపు సభలో మాట్లాడిన మాటలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో చదువుకునే పిల్లలున్నారు, వెనకాల పొలం పనులు ముగించుకుని వచ్చిన పెద్దలున్నారు, ఆ పక్కన భావనపాడు సముద్రతీరం వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములున్నారు. పిల్లలకి పుస్తకంలో ఉన్నదే, మీకు రోజూ కళ్లెదురుగా ఉన్నదే, రెండూ ఒకటేనని చెప్పడానికే ఈ పూట వచ్చాను. మధ్యలో అనుమానం వస్తే చెయ్యెత్తక్కర్లేదు, అడిగెయ్యండి.

తేలినీలాపురం మీకు కొత్త కాదు. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరి చెట్ల మీద దిగుతాయి, గూళ్లు కడతాయి, పిల్లల్ని లేపుతాయి, మార్చి దాటాక వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, ఆ సంగతి చెప్పుకోవడానికి మనందరికీ గర్వంగానే ఉంటుంది. అటు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలది కూడా ఇదే కథ, కాకపోతే అవి వానల మొదట్లోనే వస్తాయి. వీటన్నిటినీ కలిపి సైబీరియా పక్షులు అనడం మనకి అలవాటైపోయింది కానీ, ఈ మూడు జాతులూ మన దక్షిణాసియావే, సైబీరియాలో ఇవి గుడ్లు పెట్టవు. ఒక నీటి చోటు నుంచి ఇంకో నీటి చోటుకి తిండిని వెతుక్కుంటూ తిరుగుతాయి, పిల్లల్ని పెంచడానికి మన ఊళ్లని ఎంచుకున్నాయి. నాకైతే ఇదే ఇంకా గొప్పగా అనిపిస్తుంది.

సరే, ఆ పక్షుల్ని ఇక్కడ నిలబెడుతున్నదేంటి అని అడిగితే చాలామంది చెట్టు అంటారు. చెట్టు పడుకునే చోటు. తిండి పుట్టేది నౌపడ, కాకరాపల్లి వైపు తంపరలో, అంటే నీళ్లు నిలిచే ఆ పల్లపు చిత్తడి నేలలో, చెరువుల్లో, ఊడ్పులయ్యాక నీళ్లు నిలిచిన మడుల్లో. చెట్టుకి ఎవరూ గొడ్డలి పెట్టకుండా చూసుకుంటున్నాం, మంచిదే. కానీ తంపర ఎంత ఉండాలి అనే లెక్క మనం ఎప్పుడూ వెయ్యలేదు. ఆ లెక్క వెయ్యాలంటే సూర్యుడి నుంచి గూట్లో ఉన్న పిల్ల నోటిదాకా శక్తి ఎలా నడుస్తుందో తెలియాలి. ఈ పూట నా మాటంతా దాని గురించే.

మొదటి మెట్టు నాచు, గడ్డి, వరి, నీళ్లలో కంటికి కనపడని పచ్చటి సూక్ష్మజీవులు. ఎండని పట్టుకుని తిండిగా మార్చేది ఇవే. మనం, పులి, గూడబాతు, సొరచేప, ఎవరం ఎంత బలవంతులమైనా ఎండలో నిలబడి ఒక్క మెతుకు తయారు చేసుకోలేం. అయితే ఈ మొక్కలు కూడా పడిన ఎండనంతా పట్టుకోలేవు. నేల మీద పడే వెలుగులో మొక్క ఒంట్లో తిండిగా నిలిచేది మామూలుగా నూటికి ఒకటి, అంతకంటే తక్కువ కూడా. మిగతాది ఆకుని, నీటిని వేడి చేసి పోతుంది. అంటే మనం చూసే ఈ పచ్చదనమంతా, ఉద్దానం కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఈ వరి చేలు అన్నీ కలిపి, ఆ ఒక్క పాలుతోనే నడుస్తున్నాయి.

రెండో మెట్టు ఆ పచ్చదనాన్ని తినేవి. నీళ్లలో తిరిగే సూక్ష్మమైన పురుగులు, నత్తలు, నాచు తినే చేపలు, గట్టు మీద మేక. మూడో మెట్టు వాటిని తినేవి. ఆపైన ఇంకో మెట్టు, ఎక్కడైనా ఐదో మెట్టు. అంతే, అక్కడితో ఆగిపోతుంది. పది మెట్ల గొలుసు ఎక్కడా కనపడదు. ఎందుకు ఆగిపోతుంది?

తిన్నదంతా ఒళ్లు కాదు కాబట్టి. మీ ఇంట్లో ఆవుని తీసుకోండి. అది తిన్న గడ్డిలో కొంత పేడగా పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నడవడానికి, నెమరు వెయ్యడానికి, ఊపిరి తియ్యడానికి, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఖర్చయిపోతుంది. చలికాలం పొద్దున్నే దాని డొక్క మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుందే, అది నిన్న మేసిన గడ్డిలోంచి వచ్చిన ఎండే. ఆ వేడి గాల్లోకి పోతుంది, దాన్ని పట్టి ఏ మొక్కా మళ్లీ తిండిగా మార్చలేదు. చివరికి ఆవు ఒంట్లో కండగా, దూడగా, పాలుగా నిలిచిన కొంచెమే తర్వాతి మెట్టుకి దక్కేది. పిల్లలూ, శక్తి నాశనం కాదని మీరు ఫిజిక్స్‌లో చదివారు, అది నిజం. నాశనం కాలేదు, పనికిరాని వేడిగా చెదిరిపోయింది.

గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార ఎడమ కాలువలోకి వదిలిన నీళ్లు హిరమండలం నుంచి టెక్కలి దాటి శివారు పొలాలకి చేరేసరికి ఎంత మిగులుతాయో ఇక్కడి రైతులకి నేను చెప్పక్కర్లేదు. పైన ఉన్నవాడికి కాలువ నిండుగా కనపడుతుంది, శివారువాడు ఆకాశం వైపు చూస్తాడు. తిండి గొలుసులో గూడబాతు, గద్ద, పులి శివారు ఆయకట్టులో ఉన్నట్టు. ఒక్క తేడా ఉంది. కాలువలో ఇంకిన నీరు ఎక్కడో ఒక బావిలో ఊరుతుంది. గొలుసులో వేడిగా పోయింది మాత్రం ఏ బావిలోనూ ఊరదు, అందుకే సూర్యుడు రోజూ మళ్లీ కొత్తగా ఇవ్వాలి.

పైకి వెళ్లేకొద్దీ జీవాల సంఖ్య తగ్గిపోతుందని ఇంగ్లండుకి చెందిన చార్లెస్ ఎల్టన్ అనే జీవశాస్త్రవేత్త 1927లోనే గమనించి పిరమిడ్‌లా చూపించాడు. ఎందుకు తగ్గుతుందో శక్తి లెక్కతో చెప్పినవాడు రేమండ్ లిండెమన్ అనే కుర్రాడు. కుర్రాడు అని ఊరికే అనలేదు. అమెరికాలో మిన్నెసోటాలో సీడార్ బాగ్ అనే చిన్న బురద సరస్సు ఉంది, మన తంపరలాంటిదే అనుకోండి, లోతు లేదు, అడుగంతా బురద. ఆయనా, ఆయన భార్యా కలిసి ఐదేళ్లు అందులో నాచు, పురుగులు, చేపలు, బురద అన్నీ తీసి తూచి లెక్క కట్టారు. ఏ జాతి ఏది తింటుందని జాబితా రాసి ఊరుకోకుండా, ఒక మెట్టు మీద ఎంత శక్తి చేరింది, అందులో పై మెట్టుకి ఎంత దాటింది అని అడిగాడు. వ్యాసం పంపితే పత్రిక తరఫున చదివిన పరిశీలకులు ఇద్దరూ ఒప్పుకోలేదు, సిద్ధాంతం మరీ ఎక్కువైంది, ఆధారం చాలదు అన్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆయనకి గురువైన హచిన్సన్ పట్టుబట్టి సంపాదకుడికి నచ్చచెప్పాడు. 1942 అక్టోబరులో ‘ఎకాలజీ’ పత్రికలో అది అచ్చయింది. అప్పటికి లిండెమన్ లేడు. ఎన్నాళ్లనుంచో పీడిస్తున్న కాలేయ జబ్బుతో ఆ జూన్‌లోనే పోయాడు, ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. తన మాట అచ్చులో చూసుకోలేకపోయిన ఆ మనిషిని తలుచుకోకుండా ఈ పాఠం చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

ఆ తర్వాత హోవర్డ్ ఓడమ్ అనే శాస్త్రవేత్త ఫ్లోరిడాలో సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఊటనీటి ప్రవాహంలో ఇలాంటి లెక్కే ఇంకా వివరంగా కట్టి 1957లో ప్రచురించాడు. చదరపు మీటరుకి ఏడాదికి కిలో కేలరీల్లో చెప్తాను, పిల్లలు రాసుకోండి. మొక్కలు పట్టుకున్నది 20,810. వాటిని తినేవాటికి చేరింది 3,368. వాటిని తినేవాటికి 383. అన్నిటికంటే పైనున్న చేపలకి 21. ఇరవై వేల పైచిలుకుతో మొదలై ఇరవై ఒకటి. మొక్కలు పట్టుకున్నదాంట్లో 11,977 అవి బతకడానికే, ఊపిరికే ఖర్చయింది, ఆ సంగతి మరిచిపోవద్దు, మొక్క కూడా ఖర్చు పెడుతుంది.

మెట్టుకి పది శాతం అని పుస్తకంలో బట్టీ పడతారు కదా, ఈ అంకెల్ని చూస్తే ఒకచోట పదహారు, ఒకచోట పదకొండు, ఒకచోట ఆరు కూడా లేదు. పది అనేది గుర్తుంచుకోవడానికి అనువైన సుమారు లెక్క, ప్రకృతి పెట్టుకున్న నియమం కాదు. ఒంటిని వెచ్చగా ఉంచుకునే పక్షులు, జంతువులు అరిగించుకున్నదాంట్లో ఒళ్లుగా మార్చుకునేది నూటికి రెండో మూడో, కొన్నిటికి ఒకటే. చల్లని నెత్తురు ఉన్న చేపలు, పురుగులు దానికి ఎన్నో రెట్లు నయం, వేడి కోసం ఖర్చు పెట్టవు కదా. అందుకే చేపలు నిండిన తంపర అన్ని పక్షుల్ని పోషించగలుగుతోంది. తంపరలో చేపల బదులు ఎలుకలే ఉండుంటే అదే నాచు, అదే గడ్డి మీద అన్ని గూళ్లు నిలబడేవి కావు.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. ఒక గూడబాతు రోజుకి కిలో చేప తింటుందనుకుందాం, లెక్క సులువుగా ఉండడానికి అనుకుంటున్నాను. ఆర్నెల్లకి నూట ఎనభై కిలోలు. ఆ చేపలు నీటి పురుగుల్ని తిని పెరిగితే, పది శాతం లెక్కన వాటికి పద్దెనిమిది వందల కిలోల పురుగులు కావాలి. ఆ పురుగులకి పద్దెనిమిది టన్నుల నాచు. ఒక్క పక్షికి. దాని వెనకాల జోడీ, గూట్లో పిల్లలు, పక్క కొమ్మ మీద ఇంకో గూడు, ఆ పక్కన ఎర్రకాళ్ల కొంగల కాపురం. బరువు, శక్తి ఒకటే కాదు కాబట్టి ఇది ఉజ్జాయింపు మాత్రమే. నాచునే నేరుగా తినే చేపలైతే ఒక మెట్టు తగ్గి లెక్క పదోవంతుకి దిగొస్తుంది. అయినా సరే, చెట్టు మీద తెల్లగా కనపడే ఆ పక్షుల కింద కంటికి కనపడని ఎంత పచ్చదనం, ఎంత బురద నీరు ఉందో ఊహించండి.

నీళ్లు తేటగా ఉన్నాయి, నాచే లేదు, ఇక తిండెక్కడిది అంటారు కొందరు. నీటిలోని సూక్ష్మమైన పచ్చజీవులు రోజుల్లోనే రెట్టింపు అవుతాయి, పుట్టినవి పుట్టినట్టే తినబడిపోతాయి. ఒక్క క్షణంలో తూస్తే సముద్రంలో తినేవాటి బరువే ఎక్కువ ఉండొచ్చు. ఏడాది పొడవునా ఎంత పుట్టింది అని లెక్కగడితే మాత్రం పిరమిడ్ ఎప్పుడూ నిటారుగానే నిలబడుతుంది.

ఇంకో దారి ఉంది, మన పాఠాల్లో దీనికి నాలుగు వాక్యాలకి మించి చోటు ఉండదు, అది నాకు బాధ. కుళ్లు దారి. తంపరలో పెరిగిన గడ్డి, తుంగ, నాచులో సగానికి పైగా ఎవరూ బతికుండగా తినరు. అది చచ్చి, కుళ్లి, బురదలో కలుస్తుంది. ఆ కుళ్లుని బాక్టీరియా, బూజు తింటాయి, వాటిని పురుగులు, రొయ్యలు, పీతలు తింటాయి, వాటిని చేపలు, చేపల్ని పక్షులు. ఇందాకటి సిల్వర్ స్ప్రింగ్స్‌లో కూడా కుళ్లబెట్టేవాటి ద్వారా పోయిన శక్తి 5,060, మొక్కల్ని తినేవాటికి చేరిన 3,368 కంటే చాలా ఎక్కువ. అందుకని నల్లగా కంపు కొట్టే బురదని చూసి ఈ నేల ఎందుకూ పనికిరాదు అనకండి. సోంపేట బీల అనే చిత్తడి నేలని అలాగే కాగితాల మీద పనికిరాని భూమిగా చూపించి థర్మల్ ప్లాంటుకి ఇవ్వబోయారు. అలాంటి ప్లాంట్లు వద్దని అడ్డుకున్నప్పుడు 2010 జూలై 14న అక్కడా, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ పోలీసు కాల్పుల్లో మనవాళ్ల ప్రాణాలు పోయాయి. బీల నీళ్లతో పండించుకున్నవాళ్లకి, తంపరలో చేప పట్టుకున్నవాళ్లకి ఆ బురద విలువ ఏ శాస్త్రవేత్తా చెప్పక్కర్లేకుండానే తెలుసు.

తేలుకుంచి కొంగ తినే తీరు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. చిన్న పిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యేకొద్దీ వస్తుంది. బురద నీళ్లలో ముక్కు ముంచి, తడుముకుంటూ నడిచి నత్తని పట్టుకుంటుంది. అందరూ ఆ సందులో పెట్టి గుల్లని చిదుపుతుందనుకుంటారు. చిదపదు. పై ముక్కుతో గుల్లని నేలకి అదిమిపట్టి, కింది ముక్కు కొసని కత్తిలా మూత కిందికి దూర్చి, లోపల కండ గుల్లకి అతుక్కున్న చోట కోసేస్తుంది. తల గబగబా ఊగుతుంది, నీళ్లు చిందుతాయి, కాసేపటికి మెత్తటి కండ మొత్తం బయటికొస్తుంది. గుల్ల చాలాసార్లు పగలకుండా అక్కడే మిగిలిపోతుంది. ఊడ్చిన మడి గట్టు పక్కన ఖాళీ గుల్లలు కనపడితే ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఆ నత్త మడిలో మొక్కల్ని, కుళ్లిన ఆకుల్ని తిని పెరిగింది, అంటే ఆ కొంగ మీ వరి చేను పక్కన మూడో మెట్టు మీద నిలబడి ఉంది. వానలు పడి నత్తలు విరివిగా దొరికే రోజుల్లోనే అది పిల్లల్ని లేపుతుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలేమో వానలయ్యాక వస్తాయి, ఎందుకంటే నీరు తగ్గేకొద్దీ చేపలన్నీ మిగిలిన గుంటల్లోకి చేరి సులువుగా దొరుకుతాయి. గూట్లో పిల్లలు ఎదిగే ఆ కొన్ని వారాలూ తల్లిదండ్రులకి తిండి అవసరం మామూలు కంటే ఎంతో ఎక్కువ, ఆ వారాల్ని తంపర ఇచ్చే వారాలతో కలుపుకున్నాయి అవి.

మెట్టు ఎంత కిందనుంటే తిండి అంత ఎక్కువ. పార్వతీపురం, సీతంపేట వైపు తిరిగే ఏనుగుని చూడండి, అంత పెద్ద ఒళ్లు ఎలా నిలబడింది? ఆకు, గడ్డి, చెరకు తింటుంది, రెండో మెట్టు మీదే ఉంటుంది. ఉద్దానంలో మనుషులకి ఎదురుపడే ఎలుగు కూడా చెదలు, చీమలు, పళ్లతో కడుపు నింపుకుంటుంది, కింది మెట్లే. పులి అలా బతకలేదు, అందుకే దానికి అంత విశాలమైన అడవి కావాలి. సముద్రం మీద చేపల వేటకి వెళ్లే అన్నదమ్ములకి ఇంకో ఉదాహరణ. వంజరం చేప నెత్తళ్లలాంటి చిన్న చేపల్ని తిని పెరుగుతుంది. ఒక కిలో వంజరం వెనక పది కిలోల దాకా చిన్న చేప ఉందనుకోండి. సముద్రంలో నెత్తళ్లు వలనిండా, వంజరాలు కొన్నే పడడానికి, బజార్లో వంజరం అంత ధర పలకడానికి ఇదొక పెద్ద కారణం.

రైతులకి ఒక మాట చెప్పాలి. శక్తి పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది, కొన్ని రకాల మందులు మాత్రం చిక్కబడతాయి. డీడీటీలాంటి మందు ఒంట్లో ఖర్చవదు, కొవ్వులో దాక్కుంటుంది. నీటి పురుగు పది పాళ్ల నాచు తిని ఒక పాలు ఒళ్లు పెంచుకుంటే, ఆ పది పాళ్లలో ఉన్న మందు ఒక పాలులో మిగిలిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో చెప్పే అంకెలే చెప్తాను. నీటి పురుగుల్లో పది లక్షలకి 0.04 వంతు, చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, చేపలు తినే పక్షుల్లో 25. ఆ మోతాదుకి పక్షి గుడ్డు పెంకు పలచనై, పొదగడానికి కూర్చుంటే చితికిపోతుంది. కాబట్టి మడిలో నీరు వదిలే ముందు ఏ మందు కొట్టాం, ఆ నీరు ఏ వాగులోకి, గెడ్డలోకి, ఏ తంపరలోకి పోతోంది అని ఒక్కసారి చూడండి.

(వెనక వరసలోంచి ఒక పెద్దాయన: "ఏటి బాబూ, మరి మేం వలేసి పట్టుకెళ్తే ఆటికి ఏటి మిగుల్తాది?")

మంచి మాట అడిగారు మావయ్యా. మీరూ, గూడబాతూ ఒకే మెట్టు మీద నిలబడి ఒకే చేప కోసం చూస్తున్నారు, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ మీ తాతలు పట్టారు, మీరు పట్టారు, పక్షులూ వచ్చాయి. అంటే కింది మెట్టు ఇద్దరికీ సరిపడా ఇచ్చింది. ఇప్పుడు తక్కువైందంటే పక్షి తిన్నదని కాదు, తంపర చిన్నదైంది, దానికి నీరొచ్చే గెడ్డలు పూడాయి, కొన్నిచోట్ల రొయ్యల చెరువులు వచ్చాయి. వల విషయంలో నేను అడిగేది ఒకటే, దోమతెరలాంటి సన్న కన్ను వలతో చేపపిల్లలతో సహా ఊడ్చెయ్యకండి. వేలెడంత చేపపిల్ల రెండు నెలలు నాచు తిని పెరిగితే మీకే బరువు వస్తుంది, గుడ్లు పెడితే వచ్చే ఏడాదికి విత్తనం ఉంటుంది. ఇక పక్షి తిన్నదాంట్లో శక్తి పోయినా, ఎరువు పోదు. చెట్ల కింద తెల్లగా పడే రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి, వానకి కరిగి మడుల్లోకి, తంపరలోకే పోతాయి, మళ్లీ నాచుకి అందుతాయి.

(ముందు వరసలోంచి ఒక అమ్మాయి: "సార్, మా ఊరి చెరువు ఎన్ని కొంగలకి చాలుతుందో మేమే లెక్కపెట్టొచ్చా?")

తప్పకుండా తల్లీ, పెద్ద సామాను కూడా అక్కర్లేదు. నెలకోసారి ఒకే రోజు, ఒకే వేళకి గట్టు మీద నిలబడి ఎన్ని పక్షులు, ఏం తింటున్నాయి, నీరు ఏ రాయిదాకా ఉంది అని నోటుబుక్కులో రాయండి. నత్తల కోసం గట్టు పక్కన మీటరు పొడుగు, మీటరు వెడల్పు చోటు కర్రలతో గుర్తు పెట్టుకుని అందులో ఉన్నవి ఏరి లెక్కపెట్టి, మళ్లీ అక్కడే వదిలెయ్యండి. ఎండాకాలంలో ఎండిన చెరువునీ వదలొద్దు, నత్తలు బురదలోకి దూరి మూత బిగించుకుని వానదాకా పడుకుంటాయి, మట్టి గడ్డ తవ్వితే కనపడతాయి. మీ బళ్లో నలుగురు కలిసి, ఈ తొలకరి నుంచే మొదలుపెట్టండి. రెండు మూడేళ్ల పుస్తకం తయారైతే అది పట్టుకుని ఊరి పెద్దల దగ్గర కూర్చోవచ్చు, చెరువు పూడిక తియ్యాలన్నా, గెడ్డ బాగు చెయ్యాలన్నా మీ దగ్గర చూపించడానికి అంకె ఉంటుంది. మొదటి నెల రాశాక నాకు చూపించండి, ఇద్దరం కలిసి చెరువు గట్టు మీదే కూర్చుని చూద్దాం.